రేణిగుంట రోడ్డు రేకుల షెడ్డులో మా నాటకాలు: నడపాలా, మూసెయ్యాలా?

షెడ్డుమేస్త్రి (థ్రెడ్ మొదలుపెట్టినవారు) · ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మాది పలాస వైపు. 2009లో సెంట్రింగ్ పనికి తిరుపతి వచ్చాను. ఆరు నెలలని వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. రేణిగుంట రోడ్డు వైపు పాత మార్బుల్ గోడౌన్ ఒకటి అద్దెకి తీసుకుని ఆరేళ్లుగా అందులో నాటకాలు ఆడుతున్నాం. నాటకశాల అనేంత పెద్ద మాట మాకెందుకు, అందరూ షెడ్డనే అంటారు. ఇరవై రెండడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు. ఒక చివర రెండడుగుల ఎత్తున స్టేజీ. పని అయిపోయిన సైట్ల నుంచి తెచ్చుకున్న సెంట్రింగ్ చెక్కలే ఆ స్టేజీ. కుర్చీలు తొంభై కొన్నాం, అరవై మిగిలాయి.

ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. మా ఊరి పెద్దాయన ఒకాయన పనికి వచ్చేటప్పుడు సిమెంటు సంచిలో జముకు (మా పక్క కథలు చెప్పేటప్పుడు వాయించే వాద్యం) పెట్టుకుని వచ్చాడు. సైట్‌లో లేబర్ గదుల దగ్గర రాత్రి అన్నాలయ్యాక వాయించేవాడు. పక్క గదిలో పలమనేరు నుంచి వచ్చిన పెయింటర్లు. వాళ్లలో ఇద్దరి నాన్నలు భాగోతం కట్టినవాళ్లు. "ఏందప్పా ఆ మోత, మా మద్దెల ముందు అది యాడ నిలబడతాది" అని పోటీకి దిగారు. ఇంకో పక్క ఒడిశా టైల్స్ కుర్రాళ్లు తెలుగు రాకపోయినా తాళం వేసేవారు. అలా మొదలైంది. ఇప్పుడు నెలకి రెండు ఆదివారాలు ఆట. ఒకటి పాతది, పద్యనాటకం సీనో భాగోతమో. ఇంకోటి మేం రాసుకున్నది.

అద్దె 12 వేలు. కరెంటు 1,800 దాకా వస్తుంది. 46 మందిమి తలా 200 వేసుకుంటే 9,200. మిగతాది ఆట రోజు తాంబాలం తిప్పితే వచ్చేది, ఎవరైనా సీమంతానికో పుట్టినరోజుకో షెడ్డు అడిగితే ఇచ్చే 1,500.

ఇప్పుడు ఓనరు దసరా నుంచి 18 వేలు ఇమ్మంటున్నాడు, లేదంటే ఖాళీ చెయ్యమంటున్నాడు. దానికి తోడు వెనక వీధిలో ఎవరో మోత ఎక్కువైందని స్టేషన్‌లో చెప్పారట. కానిస్టేబుల్ వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్లాడు. మాలో కొందరు 50 రూపాయల టికెట్ పెడదాం అంటున్నారు. టికెట్ పెడితే మావాళ్లే రారు. నలుగురున్న ఇంటికి 200 అంటే పూట కూరగాయలు, పాలు. ఇంకొందరు సంఘం రిజిస్టర్ చేయిద్దాం అంటున్నారు. ఏం చెయ్యాలో చెప్పండి. మూసెయ్యడమే మంచిదనిపిస్తే అదీ చెప్పండి, బాధపడను.

పాతపుస్తకం · ఆదివారం, రాత్రి 11:20

మూసెయ్యడమా! ముందు ఫోటోలు పెట్టండి మేస్త్రీ.

నిద్రలేనివాడు · సోమవారం, ఉదయం 6:15

స్టేషన్‌లో చెప్పింది నేనే. దాచుకోవాల్సిన పనేం లేదు.

మీ షెడ్డు వెనక వీధిలో మూడో ఇల్లు మాది. మా అమ్మాయి నీట్‌కి చదువుతోంది. ఆట రోజు ఏదోలా ఓర్చుకుంటాం. మీ రిహార్సల్ ఉందే, అదీ అసలు బాధ. బుధవారం, శుక్రవారం రాత్రి పదకొండు దాకా ఒకే దరువు, ఒకే చోట తప్పు, మళ్లీ మొదటి నుంచి. ఆ భీముడి దరువు ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. నిద్రలో మా ఆవిడ కూడా పాడింది.

రూల్సు తెలియకపోతే చెప్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినిపించేలా మైకు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. నేను ఫోన్‌లో యాప్ పెట్టి చూశాను, మా మేడ మీద 71 చూపించింది. యాప్ పక్కాగా చెప్పకపోవచ్చు. అయినా 71కీ 45కీ తేడా యాప్ తప్పు కాదు కదా.

షెడ్డుమేస్త్రి · సోమవారం, మధ్యాహ్నం 1:30

సార్, క్షమించండి. ఆ భీముడి వేషం కట్టేవాడు పగలంతా లోడు ఎత్తి వస్తాడు. వాడికి దరువు తొందరగా ఎక్కదు. పనులు వదిలేది ఏడుకి, స్నానం చేసి వచ్చేసరికి తొమ్మిది. అందుకే ఆలస్యం. ఏదో ఒకటి చేస్తాం.

మద్దెలమామ · సోమవారం, సాయంత్రం 4:05

నిద్రలేనివాడు సార్ చెప్పిందాంట్లో న్యాయం ఉండాది. కానీ ఒక మాట.

నేను పలమనేరు పక్క పల్లెవాణ్ణి. మా నాయన భాగోతం కట్టినాడు, నేను మద్దెల వాయించినాను. ఇప్పుడు కొడుకు దగ్గర తిరుపతిలో ఉంటాండాను. మా పక్క ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగితే పద్దెనిమిది దినాలు. పగలు హరికథ, రాత్రి ఆట. ఆట తొమ్మిదికి మొదలైతే తెల్లారేదాకా. ఊరంతా చాపలు, దిండ్లు తెచ్చుకుని అక్కడే పడుకునేది. నిద్ర పట్టినోడు పట్టిండు, లేచినోడు చూసిండు. ద్రౌపది వస్త్రాపహరణం వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లు పిల్లల్ని తట్టి లేపేది.

అర్జున తపస్సు నాడు ఎత్తైన మాను నాటి, దాని మీదికి అర్జునుడి వేషం కట్టినోడు పద్యాలు పాడుకుంటా ఎక్కతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. పైనుంచి నిమ్మకాయ, విభూతి వేస్తే కొంగులో పట్టుకుంటారు. కడాకు దుర్యోధన వధ. మట్టితో మనిషికి ఎన్నింతలో పెద్ద బొమ్మ చేసి పడుకోబెడతారు. భీముడు తొడ కొడతాడు. సాయంత్రం నిప్పులగుండం. ఆ భీముడు ఆ పూట వేషగాడు కాదు, నిజంగా భీముడే. చంటిబిడ్డల్ని తెచ్చి వాడి చేతికిచ్చేవాళ్లను నేను చూసినాను.

ఇదంతా ఎందుకు చెప్తా ఉండానంటే, అక్కడ మోత గురించి ఎవురూ అడగలేదు. ఎందుకంటే అది అందరిదీ. చందా అందరూ ఇచ్చినారు, ఆట జరిగే మిట్ట ఊరిది. ఇక్కడ మేస్త్రి వాళ్ల ఆట వాళ్లదే, వెనక వీధోళ్లది కాదు. కాబట్టి వాళ్లకు అది మోతే. తప్పు మద్దెలది కాదు, పిలవకపోవడంది. ఆరేళ్లలో ఒక్కసారైనా వెనక వీధికి పోయి "ఆట ఉంది, రండి" అని చెప్పినారా మేస్త్రీ?

ఇంకోటి. వారానికి ఒక రోజు మద్దెల మీద గుడ్డ కప్పి వాయించమను. మేం చెయ్యి అలవాటుకు అట్లే చేసేది.

నిద్రలేనివాడు · సోమవారం, సాయంత్రం 5:40

పిలవలేదు. పిలిచి ఉంటే వచ్చేవాణ్ణో లేదో నాకూ తెలియదు.

లోకల్517501 · సోమవారం, రాత్రి 8:12

అందరూ జాలిపడుతున్నారు కాబట్టి నేను మాట్లాడాలి. తిరుపతిలో లోకల్ కళాకారులకే దిక్కు లేదు. మహతి ఆడిటోరియంలో అవకాశం కోసం మా బాబాయి లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్లు షెడ్డు వేసుకుని దానికి సంస్కృతి అని పేరు పెడితే మనం చప్పట్లు కొట్టాలా? పనికి వచ్చారు, పని చేసుకోండి. ఇక్కడి సంప్రదాయం ఇక్కడివాళ్లు చూసుకుంటారు.

పాతపుస్తకం · సోమవారం, రాత్రి 9:30

లోకల్ గారూ, "ఇక్కడివాళ్లు" అన్న మాటని నాటకం విషయంలో పట్టుకుంటే చేతిలో ఏమీ మిగలదు.

సురభి తీసుకోండి. తెలుగు నాటకం అనగానే ముందు గుర్తొచ్చే పేరు. ఆ కుటుంబాల మూలం మహారాష్ట్ర. తరాల కిందట ఇటు వచ్చి తోలుబొమ్మలాట ఆడుకుంటూ బతికినవాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడారు, ఆ ఊరి పేరే వాళ్ల పేరైంది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వాళ్లింటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. బిడ్డ పుడితే నడక కంటే ముందు స్టేజీ నేర్చుకునేది. ఇంటిల్లిపాదీ, సెట్లూ, వంటపాత్రలూ కలిసి ఊరూరూ తిరిగారు. వలస వచ్చినవాళ్లు నడిపిన నాటకశాల అంటే ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

చిత్తూరు నాగయ్య గారి సంగతి చూడండి. ఆయన పుట్టింది గుంటూరు వైపు. చిత్తూరులో రామవిలాస సభ వాళ్ల నాటకాల్లో పాడి, ఆడి పేరు తెచ్చుకున్నాడు. ఊరు ఆయన ఇంటిపేరైంది. బయటివాడని ఆ రోజు చిత్తూరు గేటు వేసి ఉంటే?

మనవాళ్లు బయటికి వెళ్లినప్పటి కథ కూడా ఉంది. తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊళ్లో ఇప్పటికీ నరసింహ జయంతికి భాగవత మేళా ఆడతారు. ఆడేది తెలుగు నాటకాలు, ఉన్నది తమిళ దేశంలో. నాయకరాజుల కాలంలో వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లు. ప్రహ్లాదుడి కథ అయితే ఏటా ఉండాల్సిందే. చుట్టూ తమిళమే అయినా ఆ రాత్రి పాత్రలు తెలుగులో మాట్లాడతాయి. "పనికి వచ్చారు, పని చేసుకోండి" అని తంజావూరు అన్నట్టయితే ఇవాళ మెలట్టూరు ఎవరికీ తెలిసేది కాదు. పైగా ఆ తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ తనే తెలుగులో యక్షగానాలు రాశాడు. మరాఠీవాడు, తమిళ గడ్డ, తెలుగు నాటకం. ఇందులో లోకల్ ఎవరో మీరే తేల్చండి.

లోకల్517501 · సోమవారం, రాత్రి 9:48

చరిత్ర పాఠం బాగుంది. అద్దె ఎవరు కడతారు?

పాతపుస్తకం · సోమవారం, రాత్రి 9:51

అది మీరడిగిన మొదటి మంచి ప్రశ్న.

నైట్‌డ్యూటీ · మంగళవారం, తెల్లవారుజాము 3:20

డ్యూటీలో ఉన్నాను, వార్డు నిద్రపోయింది, రాస్తాను.

నేను ఆదోని నుంచి వచ్చాను. ఆసుపత్రిలో పని. మేస్త్రి అన్న షెడ్డుకి మూడేళ్లుగా వెళ్తున్నాను. లోకల్ గారు చూడనిది ఒకటి చెప్తాను, మేస్త్రి అన్నకి నచ్చనిది ఇంకోటి చెప్తాను.

తిరుపతిలో మాకు వెళ్లడానికి చోటు ఏది? కొండకి వెళ్లొచ్చు. అది దేవుడి చోటు. క్యూలో నిలబడతాం, దండం పెడతాం, వచ్చేస్తాం. మాల్‌కి వెళ్తే కొనాలి. పార్కుకి చీకటి పడ్డాక ఒంటరి ఆడది వెళ్లలేదు. గదిలో నలుగురు అమ్మాయిలం ఉంటాం, ఒకరు పడుకుంటే ఒకరు లైటు వెయ్యకూడదు. ఏమీ కొనకుండా, ఎవరికీ దండం పెట్టకుండా, రెండు గంటలు ఊరికే కూర్చోగలిగిన చోటు నాకు ఈ ఊళ్లో అదొక్కటే. మొదటిసారి వెళ్లినప్పుడు నాటకం అర్థం కాలేదు. మాది కన్నడం కలిసిన తెలుగు, స్టేజీ మీద వాళ్లది శ్రీకాకుళం. "ఏటి గుంటా, ఎలగున్నావు" అంటుంటే వెనక కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నెల నేను రెండు మాటలు చెప్పాల్సి వచ్చింది, మా యాసలో. వాళ్లు నవ్వారు. లెక్క సరిపోయింది.

ఇక నచ్చనిది. అన్నా, ఆరేళ్ల నుంచి నడుపుతున్నారు, ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు. ఆట మధ్యలో మేం పక్క పెట్రోలు బంకుకి వెళ్లి రావాలి. సందులో లైటు లేదు. 46 మంది మెంబర్లలో ఆడవాళ్లం ఏడుగురం, ఎందుకో ఎప్పుడైనా అడిగారా? ఇప్పటికీ ద్రౌపది వేషం టైల్స్ పని చేసే అబ్బాయే కడుతున్నాడు. బాగా కడతాడు, కాదనను. పాతపుస్తకం గారు సురభి ఆడవాళ్ల గురించి రాశారు కదా, ఆ పేరా ప్రింట్ తీసి షెడ్డులో అతికించండి.

షెడ్డుమేస్త్రి · మంగళవారం, ఉదయం 7:05

చెల్లెమ్మా, నిజమే. బాత్రూమ్ గురించి ఓనరుని ఒకసారి అడిగాం, వద్దన్నాడు. మేం ఊరుకున్నాం. కట్టేవాళ్లమే మేం. సిగ్గుగా ఉంది.

బెర్లిన్‌లో బంగారుపాళెం · మంగళవారం, ఉదయం 11:45

మేస్త్రి గారి పోస్టు చదివి ఇక్కడి ఒక చోటు గుర్తొచ్చింది. నేను ఉండేది బెర్లిన్‌లో. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని పిలిపించుకుంది. వాళ్లకి పెట్టిన పేరు "అతిథి కార్మికులు". పని అయ్యాక వెళ్లిపోతారనుకున్నారు. మేస్త్రి గారి ఆరు నెలల్లాగే. వాళ్లు ఎక్కువగా ఉన్న క్రాయిత్స్‌బెర్గ్ అనే పేటలో బల్‌హౌస్ నౌన్యన్‌ష్ట్రాసె అని ఒక చిన్న నాటకశాల ఉంది. 2008లో షెర్మిన్ లాంగ్‌హాఫ్ అనే ఆవిడ దాన్ని వలస కుటుంబాల పిల్లల నాటకాల కోసం నిలబెట్టింది. ఆవిడా టర్కీలో పుట్టి వచ్చినావిడే. "మేం వలస వచ్చినవాళ్లం కాదు, వచ్చినవాళ్ల పిల్లలం, మా కథ వేరు" అన్నది వాళ్ల పట్టు. 2013 నాటికి ఆవిడ నగరంలోని పెద్ద నాటకశాలల్లో ఒకటైన మాక్సిమ్ గోర్కీకి అధిపతి అయింది.

పోలిక అంతవరకే. అక్కడ ప్రభుత్వం డబ్బు పెడుతుంది, మీకు తాంబాలమే గతి. అయినా ఒకటి అడగాలని ఉంది: మీ పిల్లలు ఆడుతున్నారా? తిరుపతిలో పుట్టినవాళ్లు?

షెడ్డుమేస్త్రి · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మావాడు పదో తరగతి. జముకు చూసి "నాన్నా, దానికి బ్లూటూత్ ఉందా" అన్నాడు. కానీ మేం రాసుకున్న నాటకంలో ఇంటి ఓనరు వేషం వాడే వేశాడు. మా ఓనరులాగే నడిచి చూపించాడు. హాలంతా పడీపడీ నవ్వింది. ఓనరు కూడా వచ్చి ఉన్నాడు ఆ రోజు. అద్దె పెంచడానికి అదే కారణమేమోనని మావాళ్ల అనుమానం.

మద్దెలమామ · మంగళవారం, మధ్యాహ్నం 1:22

హహ్హ. అయితే బిడ్డకు వేషం అబ్బింది.

ఫ్యూజు · మంగళవారం, సాయంత్రం 6:30

కరెంటు పని చేసేవాణ్ణి. కళ గురించి నాకు తెలియదు, ఆ షెడ్డు వైరింగు తెలుసు. రెండేళ్ల కిందట ఒక సీమంతానికి లైట్లు కట్టడానికి వెళ్లాను. మొత్తం హాలుకి ఒకటే షట్టరు. స్టేజీ వెనక తెరలన్నీ పాలిస్టరు. వాటికి జానెడు దూరంలో హాలోజెన్ లైట్లు. నాలుగు లైట్లకీ ఒకటే ఎక్స్‌టెన్షన్ బోర్డు, అది ముట్టుకుంటే వేడిగా ఉంది.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. మంట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైంది. చాలామందిని చంపింది పొగ, బయటపడే దారి లేకపోవడం. అదనపు సీట్లు వేసి దారి మూసేశారు. మీది అరవై కుర్చీల హాలు, నిలబడేవాళ్లు ఇంకో నలభై మంది. ఒక షట్టరు.

టికెట్, రిజిస్ట్రేషన్, సంస్కృతి, అన్నీ తర్వాత. ముందు వెనక గోడకి రెండో తలుపు కొట్టించండి. బయటికి తెరుచుకునేలా. లోపలికి తెరుచుకునే తలుపుని జనం తోసుకుంటే అది మూసుకుంటుంది. హాలోజెన్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టండి, బిల్లూ తగ్గుతుంది. మంటలార్పే సిలిండర్లు రెండు, ఒకటి స్టేజీ పక్కన, ఒకటి తలుపు దగ్గర. జనరేటర్ ఎప్పుడూ షెడ్డు లోపల పెట్టొద్దు. వైరింగు నేను చేసి పెడతాను, సామాను మీది. కూలి వద్దు, మా అమ్మాయి జముకు వినాలంటోంది.

జమాఖర్చు · మంగళవారం, రాత్రి 9:15

ఆఫీసు పని అయ్యేసరికి ఇంతసేపైంది. లెక్కలు, కాగితాలు నా పని కాబట్టి అంతవరకు చెప్తాను.

సంఘం రిజిస్టర్ చేయించుకోండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు ఉంటే చాలు. నైట్‌డ్యూటీ గారు చెప్పిన ఏడుగురు ఆడవాళ్లే ఒక సొసైటీ పెట్టగలరు, సరదాకి అనడం లేదు. రిజిస్టరయితే సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా వస్తుంది. ఇప్పుడు డబ్బు మేస్త్రి గారి ఫోన్‌పేలో ఉంది కదా? ఆయన మంచివారే. రేపు ఫోను పోతే? అద్దె ఒప్పందం సంఘం పేరు మీద రాయించుకుంటే ఓనరు నోటిమాటగా ఖాళీ చెయ్యమనడం కష్టం. పదకొండు నెలలకి కాదు, మూడేళ్లకి రాయించి, ఏడాదికి ఎంత పెంచాలో అందులోనే వేయించండి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు ఉంటుంది, కానీ నిద్ర పడుతుంది.

టికెట్ పెడితే జీఎస్టీ అని ఎవరో భయపెట్టి ఉంటారు. నాటకానికి మనిషికి 500 రూపాయల లోపు టికెట్ అయితే జీఎస్టీ మినహాయింపు ఉంది. మీ 50కి ఆ గొడవే లేదు.

కానీ టికెట్‌తో ఇంకో చిక్కుంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక సదుపాయం ఉంది: డబ్బు తీసుకోకుండా చూసేవాళ్ల ముందు ఔత్సాహిక సంఘం ఏదైనా నాటకం ఆడితే అది ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టగానే ఈ గొడుగు పోతుంది. అప్పుడు బతికి ఉన్న రచయిత నాటకం ఆడాలంటే అనుమతి కావాలి. రచయిత పోయి అరవై ఏళ్లు దాటితే ఎవరైనా ఆడుకోవచ్చు. భాగోతాలకీ, మీరు రాసుకున్నవాటికీ ఎలాగూ బెంగ లేదు. తాంబాలం మాత్రం సందేహం. తిప్పకుండా తలుపు దగ్గర పెట్టండి, వేసేవాళ్లు వేస్తారు. అది కూడా ఒక లాయర్‌ని అడిగి చెయ్యండి.

నా అభిప్రాయం: టికెట్ వద్దు. మెంబర్షిప్ రెండు రకాలు చెయ్యండి. పనివాళ్లకి 200 అలాగే ఉంచండి. ఊళ్లో ఉద్యోగాలవాళ్లకి 500. మొదటి 500 నాది.

లోకల్517501 · మంగళవారం, రాత్రి 10:02

ఇంకా ఒప్పుకోలేదు నేను. బయటివాళ్లు వచ్చి ఇక్కడి గంగమ్మ జాతరలో వేషాలు కడతామంటే కూడా ఇలాగే మాట్లాడతారా?

మద్దెలమామ · మంగళవారం, రాత్రి 10:20

అబ్బోడా, నీ నోటనే గంగమ్మ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. తాతయ్యగుంట గంగమ్మ ఈ ఊళ్లో పుట్టలేదు. కథ ప్రకారం అవిలాలలో దొరికిన బిడ్డ, కైకాల కులమోళ్లు పెంచినారు. ఇప్పటికీ జాతరకు అవిలాల నుంచి సారె రావాల్సిందే. ఆడోళ్లను చెరిచే పాలెగాణ్ణి పట్టేదానికి ఆ తల్లి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని దినానికొక వేషం వేసింది. ఆ వేషాలే ఇప్పుడు జనం కట్టేది. మగోళ్లు చీర కట్టి జడ వేసుకుని వీధిలో తిరగతారు. దొర వేషం నాడు ఊరంతా దొరలే. ఆ మూకలో ఎవుడు కొర్లగుంటోడు, ఎవుడు కూలికి వచ్చినోడు, నువ్వు గుర్తుపట్టగలవా? మొహానికి రంగు పూసినాక నీ మొహమే నీకు తెలవదు.

లోకల్517501 · మంగళవారం, రాత్రి 10:41

…నేను కూడా తోటి వేషం కట్టాను, చిన్నప్పుడు. అమ్మ మొక్కుకుంది.

సరే. ఆ షెడ్డుతో ఉపయోగం ఏమిటో మేస్త్రి గారు ఒక్క మాటలో చెప్తే ఆగుతాను. కాలక్షేపం అయితే సినిమా ఉంది.

షెడ్డుమేస్త్రి · బుధవారం, రాత్రి 11:30

ఒక్క మాటలో చెప్పలేను తమ్ముడూ. జరిగింది చెప్తాను.

రెండేళ్ల కిందట మావాడొకడు పరంజా మీది నుంచి పడిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. మా పక్క ఊరి గుంటడే. తీసుకెళ్లేసరికే అయిపోయింది. బాడీని ఊరికి పంపాలి, దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు. ఆంబులెన్స్‌కి అడిగింది మా దగ్గర లేదు. ఆ రోజు ఆదివారం, సాయంత్రం ఆట ఉంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎక్కడ కలవాలో ఎవరూ అనుకోలేదు. అందరూ షెడ్డుకే వచ్చేశారు. పలమనేరోళ్లు, ఒడిశా కుర్రాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు. తాంబాలం తిప్పాం. గంటలో డబ్బు పోగయింది. బండి రాత్రి తొమ్మిదికి కదిలింది.

ఆట ఆపేద్దాం అన్నాను. వాడి అన్న బండి ఎక్కుతూ "ఆడండి బావు, వాడు కట్టాల్సిన వేషం" అన్నాడు. అది కాటి సీను. హరిశ్చంద్రుడు కాపలా ఉంటాడు, చంద్రమతి బిడ్డ శవాన్ని తెస్తుంది, కాటి సుంకం అడుగుతాడు. పుస్తకం చేత్తో పట్టుకుని చదువుతూ వాడి వేషం నేనే వేశాను. పద్యం దగ్గర గొంతు రాలేదు. కింద నుంచి ఒక ముసలామె అందుకుని పాడింది. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు. టీ బంకు దగ్గర పూలు అమ్ముకునే ఆమె అని తర్వాత తెలిసింది. పద్యం మొత్తం వచ్చు ఆమెకి.

ఉపయోగం అంటే ఏం చెప్పాలో నాకు తెలియదు.

నిద్రలేనివాడు · గురువారం, ఉదయం 5:50

ఆ రాత్రి నాకు గుర్తుంది. మైకులో ఆడగొంతు వినిపించి మేడ మీదికి వచ్చాను. ఫోన్‌లో యాప్ అప్పటికి లేదు.

ఓనరు నాకు తెలుసు. మా వాకింగ్ బ్యాచే. మాట్లాడనా?

నైట్‌డ్యూటీ · గురువారం, ఉదయం 8:15

మాట్లాడండి సార్. బాత్రూమ్ సంగతి కూడా.

షెడ్డుమేస్త్రి · పదహారు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 8:40

అందరికీ సంగతి చెప్పాలి.

ఓనరు 15 వేలకి ఒప్పుకున్నాడు, మూడేళ్లకి. అందుకు బదులుగా షెడ్డు ముందు వరండా మేం కట్టి ఇవ్వాలి. కట్టేవాళ్లం ఎలాగూ ఉన్నాం. వెనక గోడ కొట్టి బయటికి తెరుచుకునే తలుపు పెట్టాం, బాత్రూమ్‌కి గుంట తవ్వాం, వచ్చే వారం పైకప్పు పడుతుంది. ఫ్యూజు అన్న వైరింగు మార్చాడు. పాత బోర్డు తీసి చూస్తే లోపల నల్లగా కాలిపోయి ఉంది. అది చూశాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

సొసైటీ కాగితాలు జమాఖర్చు మేడమ్ దగ్గర ఉన్నాయి. కార్యదర్శి నైట్‌డ్యూటీ చెల్లెమ్మ. 500 మెంబర్లు ఇప్పటికి పన్నెండు మంది, అంటే 6,000. పాత 9,200తో కలిపితే అద్దె గడుస్తుంది. లోకల్ తమ్ముడు మెంబరు కాలేదు. మొన్న వాళ్ల బాబాయిని తీసుకొచ్చాడు. ఆయన ఒక పద్యం పాడి, మా హార్మోనియం శ్రుతి తప్పిందని తిట్టి వెళ్లాడు. మళ్లీ బుధవారం వచ్చి తనే సరిచేశాడు.

ద్రౌపది వేషం ఈసారి హోటల్లో పనిచేసే అమ్మాయి కడుతోంది. టైల్స్ అబ్బాయి అలిగాడు. వాడికి శకుని ఇచ్చాం. ఇప్పుడు శకునే ముఖ్యపాత్ర అన్నట్టు తిరుగుతున్నాడు.

రేపు సాయంత్రం ఆరున్నరకి ఆట. వెనక వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పాం. కుర్చీలు చాలవు, వీలైతే చాప తెచ్చుకోండి.

నిద్రలేనివాడు సార్, తొమ్మిదిన్నరకి మైకు కట్టేస్తాం. మద్దెల మాత్రం తొమ్మిదీ నలభై దాకా.

నిద్రలేనివాడు · శనివారం, రాత్రి 8:52

తొమ్మిదిన్నర అని మాట్లాడుకున్నాం.

షెడ్డుమేస్త్రి · శనివారం, రాత్రి 8:53

తొమ్మిదీ ముప్పై అయిదు సార్. భీముడి దరువు అప్పుడే వస్తుంది.

నిద్రలేనివాడు · శనివారం, రాత్రి 9:10

ఈసారైనా మధ్యలో తప్పకుండా వాయించమనండి. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంటానంటోంది, తప్పితే తనే అందుకుంటుంది.